గడ్డపోతారం గాలి

గడ్డపోతారం,
జూన్ 22.

అరుణ మేడం గారికి,

నమస్తే. నేను జ్యోతిని. క్షేమంగా చేరాను.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటి అనుకోకండి. వచ్చిన రోజే మా అందరి ఫోన్లూ తీసుకొని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం సాయంత్రం శ్రీకాంత్ సార్ ఫోన్ నుంచి ఇంటికి మాట్లాడుకోవచ్చు. సార్ పక్కనే కూర్చుంటారు. "ఆట మీద మనసుండాలె, ఫోన్ మీద కాదు" అంటారు. బడిలో కబడ్డీ నేర్పేటప్పుడు మీరూ అదే మాట అనేవారు కాబట్టి నాకేం తప్పనిపించలేదు.

అకాడమీ అంటే పెద్ద స్టేడియం అనుకున్నాను. ఇది మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్డు. గోడ మీద 'పొగ త్రాగరాదు' అని ఇంకా ఉంది. కానీ లోపల నీలం మ్యాట్లు పరిచారు మేడం! మన జోగిపేట గ్రౌండులో పడితే మోకాళ్లు చెక్కుకుపోయేవి. ఇక్కడ పడితే పరుపు మీద పడ్డట్టే. అందరం ఆడపిల్లలమే. నా గదిలో ఇక్రా అని సదాశివపేట అమ్మాయి ఉంది. వాళ్ల నాన్న వెల్డింగ్ పని చేస్తారు. అది నా కాలు పట్టిందంటే ఉడుం పట్టే. రాత్రి మాత్రం ఇంటి మీద బెంగతో ఏడుస్తుంది, నేను ఓదార్చాలి.

రోజూ గుడ్లు, చికెన్. పడుకునే ముందు సార్ ఒక్కొక్కరి అరచేతిలో గులాబి రంగు విటమిన్ గోళీ పెట్టి, పాలతో మింగేదాకా నిలబడతారు. ఖర్చంతా పక్కనున్న మందుల కంపెనీది. జనవరిలో రాష్ట్ర పోటీలు గెలిస్తే కంపెనీలో పర్మనెంట్ ఉద్యోగం ఇస్తారట. అమ్మతో చెబితే "నువ్వు గెలువు బిడ్డా, ఇగ నేను ఎవ్వల చేన్లకు కూలికి పోను" అన్నది.

ఒక్కటే ఇబ్బంది. పొద్దుగూకేసరికి ఫ్యాక్టరీల వాసన మొదలవుతుంది. కుళ్లిన గుడ్డూ గోళ్ల రంగూ కలిపినట్టు ఉంటుంది. కళ్లు మండుతాయి. అలవాటైపోతుందని అందరూ అంటున్నారు.

మీ విరిగిన చెయ్యి ఎలా ఉంది?

మీ శిష్యురాలు,
జ్యోతి

*

జోగిపేట,
జూలై 9.

జ్యోతీ,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించాను. నీలం మ్యాట్ల దగ్గర హెడ్మాస్టరు గారు కూడా "ఆహా" అన్నారు.

నా చెయ్యి బాగుంది. కట్టు విప్పారు. కానీ చెయ్యి విరగడం వల్ల ఒక మంచి జరిగింది. మెట్టు జారితే మణికట్టు ఎందుకు విరిగిందని సంగారెడ్డి డాక్టరమ్మ ఆరా తీసింది. నాలుగేళ్ల కింద నాకు గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు కదా. అప్పటినుంచి ఒంట్లో ఆడ హార్మోను లేదు. ఎముకలు ముసలమ్మ ఎముకలైపోయాయట. నలభై ఆరేళ్లకే!

మీ పిల్లలకు తెలియదు గానీ, ఆ నాలుగేళ్లూ నేను నరకం చూశాను. ప్రార్థనలో నిలబడి ఉండగానే ఒళ్లంతా కుంపటి పెట్టినట్టయ్యేది. చీర తడిసిపోయేది. నిద్ర లేదు. మిమ్మల్ని ఊరికే కసురుకునేదాన్ని, ఎండకనుకునేవారు మీరు. ఇప్పుడు డాక్టరమ్మ హార్మోను గోళీలు రాసిచ్చింది. నెల తిరిగేసరికి రాత్రిళ్లు నిద్రపోతున్నాను. కీళ్ల నొప్పులు తగ్గాయి. మొన్న పిల్లలతో గ్రౌండు చుట్టూ పరుగెత్తాను. నేను మళ్లీ మనిషినయ్యాను జ్యోతీ. ఇన్నాళ్లూ ఎందుకు ఓర్చుకున్నానా అని ఏడుపొచ్చింది.

ఊరికే ఇవ్వలేదులే. రొమ్ముల స్కాను, రక్తపరీక్షలు, బీపీ అన్నీ చూసింది. మొదట్లో తలనొప్పి, రొమ్ముల్లో సలుపు ఉంటే మోతాదు తగ్గించింది. కాలు వాచినా ఛాతీలో నొప్పి వచ్చినా ఆగకుండా రమ్మంది. ఏటా చూసి, ఇంకా కావాలో వద్దో తనే చెబుతుందట.

నీ విటమిన్ పేరేమిటో సీసా మీద చూసి రాయి. బలం గోళీ ఏదైనా సరే, పేరు తెలియకుండా మింగకూడదు.

ఆశీస్సులతో,
అరుణ

*

గడ్డపోతారం,
ఆగస్టు 18.

మేడం గారికి నమస్తే.

మొన్న పటాన్‌చెరులో కంపెనీల టోర్నమెంటు జరిగింది. కూతకు వెళ్లాను. ముగ్గురు పట్టుకున్నారు. ఒకామె నడుము, ఇద్దరు కాళ్లు. మునుపైతే అక్కడే కూలబడేదాన్ని. ముగ్గురినీ ఈడ్చుకుంటూ వచ్చి గీత ముట్టాను! జనం లేచి నిలబడ్డారు. నా భుజాలు ఇప్పుడు చూస్తే మీరు గుర్తుపట్టరు. పాత జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు.

ఎంత ఆడినా అలసట రావడం లేదు. రాత్రి కూడా కాళ్లు ఊరుకోవు, ఇంకా పరుగెత్తాలనిపిస్తుంది. "ఇది గదా ఆట అంటే" అని సార్ మెచ్చుకున్నారు.

విటమిన్ సీసా సార్ గదిలో ఉంటుంది, పేరు చూడలేదు. ఈ ఉత్తరాలు కూడా సార్ చదివి, తప్పులుంటే దిద్ది పోస్టు చేయిస్తారు. మా మంచికే.

నెల రోజులుగా గొంతు బొంగురుపోయింది. ఇక్రాకూ అంతే. ఇక్కడి గాలికి అందరికీ గొంతు పాడవుతుందని సార్ చెప్పారు. బొల్లారంలో షిఫ్టులకు పోయేవాళ్లను చూడండి, అందరూ దగ్గుతూనే ఉంటారట. మొహం మీద మొటిమలు కూడా వచ్చాయి, చెమటకే కావచ్చు. గొంతు బాగులేదని ఈ రెండు ఆదివారాలూ ఇంటికి మాట్లాడలేదు. అమ్మ కనబడితే చెప్పండి, బాగున్నానని.

జ్యోతి

*

జోగిపేట,
సెప్టెంబర్ 14.

జ్యోతీ,

మీ అమ్మ బడికి వచ్చింది. "బిడ్డ గొంతు ఇనక ఎన్ని దినాలాయె మేడం. ఫోన్ చేస్తే సారే ఎత్తి, మంచిగుంది, ఆడుతున్నది అంటడు. నాకెందుకో పానం నిమ్మళం లేదు" అన్నది. నువ్వు పంపిన మాట చెప్పాను. కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లింది.

బొంగురు గొంతు పది రోజులు ఉంటే జలుబు అనుకుంటాం. ఇన్నాళ్లుంటే డాక్టరుకు చూపించాలి. వేడినీళ్లు పుక్కిలించు. కిటికీ పక్క మంచం వద్దు. ఇంకో మాట, మొహమాటపడకు. నెల సరిగా వస్తోందా?

శ్రీకాంత్ గారూ, మీరూ చదువుతారట కాబట్టి మీకూ నమస్కారం. ఆటలో నేను మీకంటే పెద్దదాన్ని, అందుకే చెబుతున్నాను. పిల్లను సంగారెడ్డికో పటాన్‌చెరుకో తీసుకువెళ్లి గొంతు చూపించండి. ఆ విటమిన్ పేరు కూడా రాయించండి.

అరుణ

*

గడ్డపోతారం,
అక్టోబర్ 20.

మేడం గారికి,

మీరు అడిగినవి మగవాళ్లు చదివే ఉత్తరంలో అడగవలసినవి కావు. నాకు సిగ్గయింది. అయినా చెబుతున్నాను. రావడం లేదు. కష్టపడి ఆడేవాళ్లకు అట్లాగే అవుతుందట. ప్రాక్టీసుకు అదే మంచిది.

గొంతు బాగానే ఉంది. డాక్టరు అవసరం లేదు.

ఇక్రా ఇంటికి వెళ్లిపోయింది. టైఫాయిడ్. దాని మంచం ఖాళీగా ఉంది.

నన్ను జిల్లా జట్టుకు కెప్టెన్‌ను చేశారు. ఈ సమయంలో మనసు చెదరకూడదు. దయచేసి ఇక్కడికి రావద్దు. అమ్మనూ రానివ్వొద్దు. జనవరి పోటీలయ్యాక నేనే వస్తాను.

జ్యోతి

*

జోగిపేట,
నవంబర్ 10.

జ్యోతీ,

రావద్దన్నావు. వచ్చాను. నా దగ్గర చదువుకున్న ఏడేళ్లలో నువ్వు నాకు "దయచేసి" అని ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట చదివాక కూర్చోలేకపోయాను.

శనివారం మధ్యాహ్నం గేటు దగ్గరికి వచ్చేసరికి మీ సార్ ఎదురొచ్చాడు. మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. జ్యోతి నిజామాబాద్‌లో మ్యాచ్‌కు వెళ్లింది, మంగళవారం వస్తుంది అన్నాడు. నేను తెచ్చిన పల్లీ లడ్డూలు తీసుకున్నాడు. షెడ్డు చూస్తానంటే "లోపల ప్రాక్టీసు నడుస్తున్నది మేడం" అని నవ్వాడు.

నాకొకటి అర్థం కాలేదు. ఆడపిల్లల అకాడమీ అన్నావు కదా. లోపల మగపిల్లవాడెవడో కూత పెడుతున్నాడు. నేను చాయ్ తాగినంత సేపూ ఆ గొంతే వినిపించింది, ఆపకుండా. దమ్మున్న పిల్లవాడే. మగపిల్లలతో కలిపి ఆడిస్తున్నారా మిమ్మల్ని?

తిరిగి వస్తుంటే మీ వంటామె బక్కమ్మ ఆటో అడ్డా దాకా నా వెనకే నడిచి వచ్చింది. ఎక్కువ మాట్లాడలేదు. "అమ్మా, ఇగ ఉత్తరం రాసేదుంటే నా పేరు మీద, మా ఇంటికి రాయుండ్రి" అని తన ఇంటి నంబరు చెప్పింది. ఎందుకని అడిగితే తల అడ్డంగా ఊపింది. అందుకే ఈ ఉత్తరం ఆమె ఇంటికి పంపుతున్నాను. దీన్ని మీ సార్ చదవడు. నిజం రాయి.

అరుణ

*

గడ్డపోతారం,
నవంబర్ 16.

మేడం,

మీరు విన్నది మగపిల్లవాడి కూత కాదు. అది నేను.

నిజామాబాద్ ఎవరూ పోలేదు. మీరు వచ్చారని సార్‌కు కబురు రాగానే నన్ను మ్యాట్ మీదికి పంపారు. "మీ మేడం పోయేదాక కూత ఆపకు. ఆపితే బయటికొచ్చి చూస్తవ్, ఆమె నిన్ను చూస్తది. గీ మొకంతోని పోతవా ఆమె ముందరికి?" అన్నారు. అందుకే ఆపలేదు. మీ మాట కూడా వినబడుతూనే ఉంది.

ఆగస్టులోనే గొంతు లావైంది. సెప్టెంబర్‌లో ఒక ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే సార్ నాకిచ్చారు. "అమ్మా" అన్నాను. అమ్మ "బాబూ, జెర మా జ్యోతికియ్యవా ఫోను" అన్నది. నేను "ప్రాక్టీసుల ఉన్నది" అని పెట్టేశాను. అప్పటినుంచి ఇంటికి మాట్లాడలేదు.

గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయి. పొద్దున్నే అందరికంటే ముందు లేచి గీసుకుంటాను. నడినెత్తిన జుట్టు ఊడిపోతోంది. ఇంకా కొన్ని మార్పులున్నాయి, కాగితం మీద రాయలేను. కోపం వస్తే ఆగడం లేదు. పోయిన వారం మాతో ఆడే అమ్మాయిని చెంప మీద కొట్టాను. దాని పెదవి పగిలింది. ఎందుకు కొట్టానో నాకే గుర్తు లేదు.

ఇక్రాది టైఫాయిడ్ కాదు. అది మాకంటే బలంగా ఉండాలని గోళీతో పాటు సూది కూడా వేసేవారు. కళ్లు పసుపురంగు అయ్యాయి. కుడి డొక్కలో నొప్పి అని వంగి నడిచేది. "అరె జ్యోతీ, లోపల ఎవరో పిడికిలి బిగించినట్టుంది" అనేది. ఒకరోజు మ్యాట్ మీదే పడిపోయింది. బట్టలు సంచిలో పెట్టి కంపెనీ బస్సులో ఇంటికి పంపేశారు.

ఇప్పుడు చెప్పబోయేది మీకు బాధ కలిగిస్తుంది. ఆగస్టులో ఇక్రానే అడిగింది, "విటమిన్‌తోని గొంతు మారుతదా సార్?" అని. సార్ నవ్వి జేబులోంచి మీ ఉత్తరం తీశారు. జూలైలో మీరు రాసింది. అందరి ముందు చదివారు. 'నేను మళ్లీ మనిషినయ్యాను జ్యోతీ' అన్న దగ్గర ఆపి, "సూసిండ్రా? మీ జ్యోతి వాళ్ల మేడం, సదువుకున్నామె, ఆమె గూడ హార్మోన్ గోళీలే ఏసుకుంటున్నది. హార్మోన్ అంటేనే బలం" అన్నారు. స్కాన్లూ పరీక్షలూ అని రాసిన భాగం చదవలేదు. ఆ భాగం నాకు తెలుసు. అయినా నేనూ ఏమీ అనలేదు.

నిజం రాయమన్నారు కదా. నాకు ఆపాలని లేదు మేడం. ముగ్గురు పట్టుకున్నా ఈడ్చుకొచ్చినప్పుడు ఎంత బాగుంటుందో మీకు తెలుసు. ఇన్నేళ్లలో ఎవరూ మా అమ్మను కుర్చీ వేసి కూర్చోబెట్టలేదు. నేను గెలిస్తే కూర్చోబెడతారు. జనవరి దాకా మింగి ఆపేద్దామనుకున్నాను. కానీ నిన్న డొక్కలో నాకూ నొప్పి వచ్చింది. కుడి వైపు.

గోళీలు సీసాలో పోసుకుని సార్ పారేసిన రేకు ముక్క ఒకటి చెత్తలో దొరికితే ఇందులో పెట్టాను. దాని మీద పేరుంది. దీన్ని బక్కమ్మ కొంగులో కట్టుకుని తీసుకెళ్లి పోస్టు చేస్తుంది.

జ్యోతి

*

జోగిపేట,
నవంబర్ 21.

జ్యోతీ,

ఇది చదివిన క్షణం నుంచి ఒక్క గోళీ కూడా లోపలికి పోకూడదు. నాలుక కింద దాచి ఉమ్మెయ్యి. సూది అంటే జ్వరమని చెప్పు.

రేకు ముక్క డాక్టరమ్మకు చూపించాను. పేరు చదివి, బయట కూర్చున్న వాళ్లను కాసేపు ఆగమని తలుపు వేసింది. అది మగ హార్మోను జాతి మందు. జబ్బుతో కండ కరిగిపోయిన కొందరికి, రక్తం చూస్తూ, లివర్ చూస్తూ ఇచ్చేదట. "మీ ఒంట్లో లేకుండా పోయినదాన్ని కొంచెం నింపుతున్నా. ఆ పిల్లకు ఏం తక్కువైందని పోసిండ్రు?" అన్నది. ఆమె అంత కోపంగా మాట్లాడటం నేను చూడలేదు. కళ్లు పచ్చబడినా, కడుపు ఉబ్బినా, నొప్పి ఒక్కసారిగా ఎక్కువైనా ఆదివారం మేం వచ్చేదాకా ఆగొద్దు. బక్కమ్మకు చెప్పి నేరుగా ఆసుపత్రికి పో.

నా ఉత్తరం సంగతి చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఆదివారం పొద్దున నేనూ మీ అమ్మా వస్తున్నాం. మా పక్కింటి మల్లేష్ ఆటో తెస్తాడు. బట్టలు సర్దుకోకు, అనుమానం వస్తుంది. గేటు దగ్గర నేను ఈల వేస్తాను, బడిలో వేసినట్టే. వినగానే ఉన్నదున్నట్టు వచ్చెయ్యి. మొహం ఎట్లా ఉన్నా సరే. మీ అమ్మకు అన్నీ చెప్పాను. విన్నది. "అయితే ఆ దినం ఫోన్ల మాట్లాడింది నా బిడ్డేనా" అని మాత్రం అడిగింది.

అరుణ

*

ఊరి నుంచి,
జనవరి 12.

మేడం గారికి నమస్తే.

ఇప్పుడు నా దగ్గర ఫోన్ ఉంది. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఎందుకో మీకు తెలుసు.

ఆ ఆదివారం మీ ఈల విని ఉన్నదున్నట్టు వచ్చేశాక, ఆటోలో అమ్మ నా చెయ్యి వదలలేదు గానీ మొహం చూడలేదు. మీరూ గమనించే ఉంటారు. ఇంటికొచ్చాక మూడు రోజులకు నూనె గిన్నె పట్టుకొచ్చి నా వెనక కూర్చున్నది. ఊడిన చోట వేళ్లతో తడిమింది. "మల్ల మొలుస్తయిలే" అన్నది. అప్పుడు ఏడ్చింది.

ఊళ్లో అందరికీ గొంతు ఆపరేషన్ అయిందని చెబుతోంది. కిరాణా షాపులో నేను ఉప్పు అడిగితే షాపాయన వెనక్కి తిరిగి చూశాడు, ఎవరో మగమనిషి వచ్చాడని.

రక్తపరీక్షలో పెరిగిన లివర్ లెక్కలు తగ్గి మామూలుకు వస్తున్నాయట. నొప్పి లేదు. కానీ బలమంతా పోయింది. బిందె ఎత్తితే చేతులు వణుకుతాయి. రోజంతా పడుకోవాలనిపిస్తుంది. మందు ఆపాక ఇట్లా మనసు కుంగుతుందని, ఒంటరిగా ఉండొద్దని డాక్టరమ్మ చెప్పింది. మిగతాది, నెల సంగతి, ఆగి చూడాలట. గొంతు మాట అడిగితే మీకు చెబుతానన్నది. నాకెందుకు చెప్పలేదు?

మొన్న సదాశివపేట వెళ్లి ఇక్రాను చూశాను. లివర్‌లో నెత్తురు గడ్డలు కట్టి ఒకటి పగిలిందట. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. మంచం మీద చిన్నపిల్లలా ఉంది. పొట్ట మీద ఇంత కోత. వాళ్లమ్మ జులేఖా నా గొంతు విని తలుపు చాటుకు వెళ్లి, పరాయి మగాడనుకొని తల మీద కొంగు కప్పుకుంది. ఇక్రానే నవ్వింది, "అమ్మీ, జ్యోతి హై" అని.

పోలీసులకు చెబుదామన్నాను. ఇక్రా వాళ్ల నాన్న ఫజలుద్దీన్ చాచా చేతులు జోడించాడు. "నక్కో బేటా, వద్దు. పేపర్ల వచ్చినంక దీనికి నిఖా ఎట్లయితది? నువ్వు గూడ ఆడపిల్లవే, నీ ఇజ్జత్ సూసుకో" అన్నాడు. బయటికొచ్చి ఆటో ఎక్కుతుంటే, నాతో వచ్చిన మా అమ్మ కూడా "ఆయన చెప్పింది నిజమే గదా" అన్నది. వచ్చేటప్పుడు ఇక్రా అడిగిందేమిటో తెలుసా? రాష్ట్ర పోటీలు ఎవరు గెలిచారు అని.

జ్యోతి

*

జోగిపేట,
ఫిబ్రవరి 15.

జ్యోతీ,

గొంతు సంగతి డాక్టరమ్మ నన్నే చెప్పమన్నది. నాకు ధైర్యం లేక నెల ఆలస్యం చేశాను. మిగతావి చాలావరకు సర్దుకోవచ్చు. గొంతు మాత్రం అంతగా మారాక పూర్తిగా వెనక్కి రాదట. మాట సాధన చేయించే వాళ్లుంటారు, కొంత మృదువు చేస్తారు. అంతకుమించి నీకు ఆశ పెట్టలేను.

ఆటల ఆఫీసుకు వెళ్లాను. "ఫిర్యాదు చేస్తున్న అమ్మాయి ఏది మేడం? సంతకం కావాలె గదా" అన్నారు. నా సంతకం సరిపోదట. కంపెనీకి రాస్తే జవాబు లేదు. గడ్డపోతారం షెడ్డుకు తాళం పడింది, బోర్డు కూడా తీసేశారు.

నా మీద నాకు అసహ్యం వేసి డిసెంబరులో నా గోళీలు కూడా మానేశాను. మళ్లీ ఆ సెగలు, ఆ నిద్రలేని రాత్రులు. డాక్టరమ్మ గట్టిగా తిట్టింది. "వాడు చేసిన పాపానికి మీ ఎముకలకు శిక్ష ఏంది?" అని. మళ్లీ మొదలుపెట్టాను. నాకు అది మంచే చేస్తోంది జ్యోతీ. ఆ మాట నీకు రాయడానికి ఇప్పుడు చెయ్యి ఆడటం లేదు.

ఇంకొకటుంది. చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. బక్కమ్మ ఫోన్ చేసింది. సంగారెడ్డి పక్కన కంది ఊరి అవతల, పొలాల్లో ఒక గోదాములో శ్రీకాంత్ మళ్లీ అకాడమీ పెట్టాడట. పేరు వేరు, కంపెనీ వేరు. ఈసారి పిల్లలు ఇంకా చిన్నవాళ్లు, పద్నాలుగు పదిహేనేళ్ల వాళ్లట. వంటకు రమ్మని ఆమెనూ పిలిచాడు, పోలేదు.

నువ్వేం చెయ్యాలని కాదు. నీకు తెలియకుండా ఉండకూడదనిపించింది.

అరుణ

*

సంగారెడ్డి,
మార్చి 17.

మేడం గారికి,

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. కంగారుపడకండి, నాకేం కాలేదు.

మీ ఉత్తరం వచ్చాక నెల రోజులు ఏమీ చెయ్యలేదు. నాకెందుకు అనుకున్నాను. నిన్న అమ్మతో చెప్పాను, కంది పోతానని. "ఏమంటావ్ వాళ్లతోని?" అన్నది. ఏమీ అననక్కర లేదు, వాళ్లు నా మాట వింటే చాలు అన్నాను. అమ్మ బస్సు దాకా వచ్చింది.

హైవే దిగి జొన్న చేల పక్కనుంచి నడిస్తే గోదాము వచ్చింది. శ్రీకాంత్ కారు లేదు. గోడ పక్కన నిలబడ్డాను. లోపల పిల్లలు ఒకరి తర్వాత ఒకరు కూతకు పోతున్నారు. సన్నటి గొంతులు, గాజుల్లాంటివి. వాటి నడుమ ఒకటి గరగరమంది. కూత మధ్యలో చీలింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ చీలింది. నాదీ జూలైలో అట్లాగే చీలేది.

గేటు కొట్టాను. కాపలా ఆయన లోపలినుంచే "ఎవరు బాబూ? ఇది ఆడపిల్లల క్యాంపు. మొగోళ్లను రానియ్యం" అన్నాడు. "నేను ఆడపిల్లనే అన్నా. ఇట్ల చేసింది మీ సారే. జెర గేటు తియ్యి" అన్నాను. ఆయన తీసి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. అడ్డు రాలేదు.

పిల్లలు ఆట ఆపి చూస్తున్నారు. ఇంట్లో ఎన్నో మాటలు అనుకుని పోయాను, ఒక్కటీ గుర్తు రాలేదు. పేరు చెప్పాను. నా గొంతు పోయినేడు మీ లెక్కనే ఉండె అని చెప్పాను. గులాబి గోళీ, పాలు, ఇక్రా కడుపు మీద కోత చెప్పాను. ఒకమ్మాయి నవ్వింది. "నువ్వు ఓడిపోయినవని కుళ్లుకుంటున్నవ్" అన్నది ఇంకొకతె. సార్ ముందే చెప్పి ఉంచారట, ఇట్లాంటి వాళ్లు వస్తారని.

వెనక నుంచి ఒక పిల్ల వచ్చింది. రవళి దాని పేరు, నర్సాపూర్ దగ్గర ఊరు. నా దగ్గరికి వచ్చి చాలా చిన్నగా, తన గొంతు ఎవరూ వినకుండా అడిగింది, "అక్కా, నాది మల్ల మామూలుగైతదా?"

అవుతుందని అబద్ధం చెప్పలేకపోయాను. "ఇప్పుడే నాతోని రా" అన్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది.

బస్సులో నా ఫోన్ నుంచి వాళ్లమ్మకు నేనే మాట్లాడాను. "ఎవరయ్యా నువ్వు? నా బిడ్డ నీ దగ్గర ఎందుకున్నది?" అని అరిచింది. జరిగింది చెప్పాను. ఏ ఆసుపత్రి అని అడిగింది. బయలుదేరి వస్తోంది.

డాక్టరమ్మ రవళిని లోపల చూస్తోంది. మొదట్లోనే ఆపితే కొంత వెనక్కి రావచ్చు, చూద్దాం అన్నది. ఫిర్యాదు మీద సంతకం చేశాను. ఇంటి పేరు, ఊరు పేరు, అన్నీ రాశాను. అదీ ఈ ఉత్తరమూ మీ పక్కింటి మల్లేష్ ఆటోలో ఈ సాయంత్రమే పంపుతున్నాను, అది తీసుకుని మీరు రేపు ఆటల ఆఫీసుకు రండి, నేనూ వస్తాను. నాతో మాట్లాడించండి వాళ్లను.

ఒక్క రవళినే తీసుకురాగలిగాను. మేం వచ్చేస్తుంటే వెనక గోదాములో మళ్లీ కూత మొదలైంది.

జ్యోతి